ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటలు: ముందు ఆ జంటల లిస్టు పక్కన పెట్టండి

మీరు అడిగింది ఇదీ: డిగ్రీ అయిపోయింది, విశాఖలో గాజువాకలో ఉంటూ ద్వారకానగర్‌కి బ్యాంక్ కోచింగ్‌కి వస్తున్నారు, అక్కడ ఇచ్చిన ఒకేలా వినిపించి స్పెల్లింగు వేరయ్యే రెండు వందల మాటల (హోమోఫోన్ల) లిస్టు కంఠతా వచ్చు, అయినా వ్యాసం టైప్ చేసేటప్పుడు తప్పు స్పెల్లింగే పడుతోంది. లిస్టు మళ్ళీ మొదటినుంచి చదవాలా, టెన్త్ చదివే చెల్లికి కూడా ఇదే ఇవ్వాలా అన్నారు. నేనూ ద్వారకానగర్‌లోనే చాలా ఏళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తా. లిస్టు మళ్ళీ చదవకండి. మీ టెన్షన్‌లో సగం ఆ లిస్టు తెచ్చిపెట్టిందే.

ఎందుకంటే, ఒకేలా వినిపించే రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి, ఇది దీనికి, అది దానికి అని బట్టీ పడితే రెండూ కలిసే గుర్తుంటాయి. పరీక్ష హాల్లో ఒకటి కావాల్సినప్పుడు రెండోది కూడా వెంటే వస్తుంది, వాటితోపాటు 'ఇందులో ఏదబ్బా' అనే సందేహం కూడా. లిస్టు చూడకముందు చక్కగా రాసిన మాటని లిస్టు చదివాక తప్పు రాసే పిల్లల్ని ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను. ఏ మాటకి ఆ మాటని, దాని చుట్టాలతో కలిపి, విడివిడిగా నేర్చుకోవాలి. నేను చెప్పేదంతా చివరికి ఇదే, మిగతావి ఉదాహరణలు.

ఇది ఇంగ్లీషుకే ఉన్న జబ్బు అనుకోకండి. తెలుగు రాసినట్టే పలుకుతాం అని గొప్పగా చెప్పుకుంటాం గానీ, పురస్కారాల సభ ఫ్లెక్సీ మీద 'ప్రధానోత్సవం' అని రాసి ఉండటం మీరూ చూసే ఉంటారు. అది ప్రదానం, ఇవ్వడం. వత్తు పెడితే ముఖ్యం అని అర్థం. మామూలు మాటల్లో మనం వత్తులు గట్టిగా పలకం కాబట్టి రెండూ ఒకేలా వినిపిస్తాయి. కానీ దానం అనే మాట తెలిసినవాడు ప్రదానం దగ్గర ఎప్పుడూ తడబడడు, అది దానం ఇంటి మాట అని తెలుసు కాబట్టి. అర్ధరాత్రిని 'అర్థరాత్రి' అని రాసేవాళ్ళకీ అంతే, అర్ధచంద్రుణ్ణి, అర్ధశతకాన్ని గుర్తుచేస్తే చాలు. ఇంగ్లీషులోనూ పని చేసేది ఈ పద్ధతే.

(కింద స్పెల్లింగులన్నీ డిక్టేషన్‌లో పైకి చెప్పినట్టు తెలుగులోనే విడగొట్టి రాస్తున్నాను. కళ్ళతో జారిపోకుండా పైకి చదవండి, కావాలనే అలా రాస్తున్నా.)

స్టేషనరీతో మొదలుపెడదాం, ఏ జంక్షన్‌లో చూసినా బోర్డు మీద తప్పుగా కనిపించేది అదే. పెన్నులు, నోట్‌బుక్కులు అమ్మే కొట్టు అయితే చివర ఈ-ఆర్-వై. కదలకుండా ఉన్నది అయితే చివర ఏ-ఆర్-వై. 'ఎన్వలప్‌లో ఈ ఉంది కదా' అనే చిట్కా మీకు ఎవరో చెప్పే ఉంటారు, అది పని చేస్తుంది గానీ ఆ చిట్కా గుర్తు రావాలి ముందు. అసలు సంగతి ఇంకా బాగుంటుంది. మధ్యయుగంలో యూరప్‌లో సరుకు నెత్తినెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళే ఎక్కువ. ఒక చోట స్థిరంగా కొట్టు పెట్టుకుని, ఎక్కువగా విశ్వవిద్యాలయాల దగ్గర, పుస్తకాలు అమ్మేవాణ్ణి స్టేషనర్ అనేవాళ్ళు. అతను అమ్మేది స్టేషనరీ. బేకర్ దగ్గర బేకరీ ఎలాగో ఇదీ అలాగే, మనిషి పేరులో ఉన్న ఈ-ఆర్ మీద వై పడింది, అంతే. రెండోది ప్రైమరీ, సెకండరీ లాంటి విశేషణం, వాటి చివర ఉన్న ఏ-ఆర్-వై దీనికీ ఉంది. ఇంటర్ ఫిజిక్స్‌లో స్టేషనరీ వేవ్స్ చదివారు కదా, అది ఇదే. సిగ్నల్ కోసం దువ్వాడలో ఆగి ఉన్న రైలు కూడా ఇదే. రెండు మాటలకీ వేరు ఒకటే, ఒకచోట నిలబడటం. తెలిశాక కొట్టు బోర్డు చూస్తే ముందు నవ్వొస్తుంది, తర్వాత స్పెల్లింగు గుర్తుంటుంది.

ప్రిన్సిపల్ మీకు తప్పనిసరి, బ్యాంక్ పరీక్ష కాబట్టి. చివర పి-ఏ-ఎల్ ఉన్నది కాలేజీ ప్రిన్సిపల్ అనీ, పి-ఎల్-ఈ ఉన్నది సూత్రం అనీ లిస్టులో ఉంటుంది. అక్కడే దెబ్బ తింటారు. అప్పు తీసుకుంటే వడ్డీ కాకుండా ఉండే అసలు ఏది? అది మనిషి కాదు కాబట్టి చాలామంది పి-ఎల్-ఈ రాసేస్తారు. తప్పు. అసలు అంటే పి-ఏ-ఎల్. ముఖ్యమైనది, మొదటిది అనే అర్థం ఎక్కడ వచ్చినా పి-ఏ-ఎల్ అనే పెట్టుకోండి: కాలేజీలో ముఖ్యుడు, అప్పులో ముఖ్యమైన మొత్తం, ప్రిన్సిపల్ సెక్రటరీ, ప్రిన్సిపల్ రీజన్, అన్నీ. పి-ఎల్-ఈ మాట ఎప్పుడూ నామవాచకమే, ఇంకో నామవాచకం ముందు విశేషణంగా రాదు. అంటే ఆ మాట పక్కన వెంటనే ఇంకో నామవాచకాన్ని వర్ణిస్తూ కనిపిస్తే ఆలోచించక్కర్లేదు, పి-ఏ-ఎల్ కొట్టేయండి.

కాంప్లిమెంట్ రెండు రకాలు. మెచ్చుకోలు అయితే ఎల్ తర్వాత ఐ. ఒకదాన్ని పూర్తి చేసేది అయితే ఎల్ తర్వాత ఈ, కంప్లీట్‌లో ఉన్నట్టే. హోటల్ గదితోపాటు ఉచితంగా ఇచ్చే టిఫిన్ ఐ తోనే, మర్యాదకి ఇచ్చేది కాబట్టి. కొన్ని హోటళ్ళ బోర్డుల మీద ఈ తో ఉంటుంది, వాటిని నమ్ముకోవద్దు.

కౌన్సిల్, కౌన్సెల్ మన రాష్ట్రంలో చదువుకున్నవాళ్ళు తప్పు రాయకూడదు. ఇంజనీరింగ్ సీటు కోసం కౌన్సెలింగ్‌కి వెళ్ళని ఇల్లు లేదు. సలహా, సలహా ఇవ్వడం, కోర్టులో వాదించే లాయరు, ఇవన్నీ ఎస్-ఈ-ఎల్. శాసన మండలి, మున్సిపల్ కౌన్సిల్, ఇలా జనం కూర్చుని తీర్మానాలు చేసే సభ సి-ఐ-ఎల్. మున్సిపాలిటీలో గెలిచిన కౌన్సిలర్ సి తో, స్కూల్లో పిల్లల మనసు వినే కౌన్సెలర్ ఎస్ తో. తెలుగులో రాసేటప్పుడు సి, సె తేడా పాటించడం అలవాటు చేసుకోండి, ఇంగ్లీషులో చేయి దానంతట అదే సరిపడుతుంది.

ఇక మన ఊరు. విశాఖలో ఉండి ఈ పాఠం పుస్తకంలో చదవడం దండగ అని నాకెప్పుడూ అనిపిస్తుంది, ఇక్కడ సముద్రం పక్కన ఉన్నవన్నీ హోమోఫోన్లే. పోర్టులో పని చేసేవాళ్ళు మీ వీధిలో ఉంటే ఈక్యూ, డబ్ల్యూక్యూ అనే బెర్త్‌ల పేర్లు వినే ఉంటారు. ఆ క్యూ అంటే ఓడ ఆనుకుని నిలబడే గట్టు, క్యూ-యు-ఏ-వై. మనవాళ్ళు 'క్వే' అంటారు, ఇంగ్లీషువాళ్ళు 'కీ' అంటారు, తాళంచెవి కె-ఈ-వై లాగే. పూర్వం ఇంగ్లీషులో దీన్ని కె తోనే రాసేవాళ్ళు, తర్వాత ఫ్రెంచి మాట చూసి క్యూ తగిలించారు, నోరు మాత్రం పాత పద్ధతిలోనే ఉండిపోయింది. బెర్త్ కూడా ఓడల మాటే, బి-ఈ-ఆర్-టి-హెచ్. ముందు ఓడ నిలిచే చోటు, తర్వాత ఓడలో మనిషి పడుకునే చోటు, ఆ తర్వాత రైల్లో మనం కొట్టుకునే లోయర్ బెర్త్. పుట్టుక అయితే బి-ఐ-ఆర్-టి-హెచ్. బర్త్ సర్టిఫికెట్ మీ ఫైల్లో ఉంటుంది, రైలు టికెట్ మీ ఫోన్లో ఉంటుంది, రెంటినీ తీసి ఒకసారి కళ్ళారా చూడండి. చిట్కా అక్కర్లేదు.

నేవల్ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. డిసెంబర్ 4న నేవీ డే, 1971 యుద్ధంలో కరాచీ రేవు మీద దాడి చేసిన రోజు గుర్తుగా జరుపుతారు. దాని మీద వ్యాసం రాయమంటే మంచి మార్కులొచ్చే పిల్లలు కూడా తూర్పు నౌకాదళాన్ని ఎన్-ఏ-వి-ఈ-ఎల్ అని రాస్తారు. దానికి అర్థం బొడ్డు. నౌకాదళానికి సంబంధించినది ఎన్-ఏ-వి-ఏ-ఎల్. ఇది లోకల్, నేషనల్, సెంట్రల్ లాంటి విశేషణం, అన్నిటి చివరా ఏ-ఎల్ ఉంది. చుట్టాలతో నేర్చుకోమన్నది ఇందుకే. బొడ్డుతో పోల్చి నేర్చుకుంటే బొడ్డే గుర్తొస్తుంది.

మిగతావి గబగబా. స్టీల్ ప్లాంట్‌లో ఈ-ఈ, దొంగతనంలో ఈ-ఏ. పోర్టు నుంచి వెళ్ళే ఐరన్ ఓర్ ఓ-ఆర్-ఈ, జాలరి పట్టే తెడ్డు ఓ-ఏ-ఆర్. ఇళ్ళ స్థలాల పాంప్లెట్లలో స్థలానికి ఎస్-ఐ-టి-ఈ అని కాకుండా చూపు అనే అర్థం వచ్చే ఎస్-ఐ-జి-హెచ్-టి అచ్చేస్తుంటారు. యూనివర్సిటీలో రీసెర్చ్ చేసేవాళ్ళకి మూడో సైట్ కూడా ఉంది, ఇంకొకరి మాటని ఉటంకించడం, సి-ఐ-టి-ఈ. దాని చుట్టం సైటేషన్.

ఈ గోలంతా ఎందుకొచ్చింది అని మీకు ఎప్పుడో ఒకప్పుడు కోపం వస్తుంది కాబట్టి కాస్త చరిత్ర. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చు యంత్రం పెట్టాడు. అచ్చు వచ్చాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడటం మొదలైంది, కానీ జనం నోళ్ళు ఆగలేదు, దాదాపు 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా ఇంగ్లీషు దీర్ఘాచ్చులు ఒక్కొక్కటీ తమ చోటు మార్చుకుంటూ పోయాయి. సముద్రానికి ఎస్-ఈ-ఏ అనీ, చూడటానికి ఎస్-ఈ-ఈ అనీ రాసింది ఊరికే కాదు, ఒకప్పుడు ఆ రెండూ వేరువేరుగానే పలికేవి. యోధుడు అనే నైట్ ముందు కె రాయడం కూడా అంతే, పాతకాలంలో ఆ కె ని నిజంగానే పలికేవాళ్ళు. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చేనాటికి స్పెల్లింగులు చాలావరకు స్థిరపడిపోయాయి, పలుకులు ఎప్పుడో కలిసిపోయాయి. కాబట్టి ఇప్పుడు మనం రాస్తున్నది పాత ఉచ్చారణ.

మీరు టైపింగ్‌లో తప్పు చేస్తున్నవి మాత్రం ఇంత పెద్ద మాటలు అయ్యుండవు. చిన్నవే కొంప ముంచుతాయి. అందులో నేను ఎక్కువ టైం పెట్టేది 'పాస్ట్' మీద. పి-ఏ-ఎస్-ఎస్-ఈ-డి, పి-ఏ-ఎస్-టి. బస్సు మద్దిలపాలెం దాటింది అని ఇంగ్లీషులో రెండు రకాలుగా చెప్పొచ్చు. 'ద బస్ పాస్డ్ మద్దిలపాలెం' అంటే అందులో వేరే క్రియ లేదు, దాటడం అనే పని ఈ మాటే చేస్తోంది, కాబట్టి ఈ-డి ఉన్నది. 'ద బస్ వెంట్ పాస్ట్ మద్దిలపాలెం' అంటే వెళ్ళడం అనే పని వెంట్ చేసేసింది, ఇది పక్కన సాయం మాత్రమే, కాబట్టి ఎస్-టి ఉన్నది. వాక్యంలో పని ఎవరు చేస్తున్నారో వెతకండి. ఇంకెవరూ లేకపోతే ఈ-డి. అర్థం చూసి తేల్చుకోవాలనుకుంటే కుదరదు, రెండు వాక్యాలకీ అర్థం ఒకటే కదా.

'లెడ్' కూడా ఇలాంటిదే. నడిపించాడు అనడానికి ఎల్-ఈ-డి, మూడే అక్షరాలు. చదవడం అనే రీడ్ భూతకాలంలో కూడా అదే స్పెల్లింగు ఉంచుకుని రెడ్ అని పలుకుతుంది కాబట్టి, ఇదీ అంతే అనుకుని ఎల్-ఈ-ఏ-డి రాసేస్తారు. ఎల్-ఈ-ఏ-డి ని లెడ్ అని పలికితే సీసం, లోహం. ఫీడ్, ఫెడ్ తో కలిపి నేర్చుకోండి, రీడ్‌తో కాదు.

'ఇట్స్' మధ్యలో పైన కామా పెట్టాలా వద్దా అంటే, దాన్ని 'ఇట్ ఈజ్' అనో 'ఇట్ హాజ్' అనో విప్పి చదవండి, వాక్యం నిలబడితే పెట్టండి, లేకపోతే వద్దు. యువర్, దెయిర్ రకాలకీ ఇదే పరీక్ష, 'యు ఆర్', 'దే ఆర్' అని విప్పి చూడండి. హిజ్, హర్స్, అవర్స్ లాంటి సర్వనామాలకి సొంతం చెప్పేటప్పుడు ఆ గుర్తు ఉండదు, సొంతం చెప్పే 'ఇట్స్'కి మాత్రం ఎందుకుంటుంది? చోటు చెప్పే 'దేర్', 'హియర్', 'వేర్' ముగ్గురిలోనూ హెచ్-ఈ-ఆర్-ఈ ఉంది, అది ఒక కుటుంబం. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్ళు కూడా ఇంటర్నెట్‌లో ఇవే తప్పులు రోజూ చేస్తుంటారు, వాళ్ళు చెవితో నేర్చుకున్నారు కదా మరి. మనం పుస్తకంలో కంటితో నేర్చుకున్నాం, ఈ ఒక్క విషయంలో మనదే పైచేయి.

ఇప్పుడు మీ లిస్టులో అసలు ఉండకూడనివి. బ్రిటిష్ పుస్తకాల నుంచి తెచ్చిన లిస్టుల్లో సాస్, సోర్స్ జంట ఉంటుంది. లండన్‌వాళ్ళు అచ్చు ముందు లేని ఆర్ ని పలకరు కాబట్టి వాళ్ళకవి ఒకటే. మనం ర ని గట్టిగా పలుకుతాం, మనకి సందేహమే రాదు. అలాంటివన్నీ పెన్నుతో కొట్టేయండి. అమెరికా లిస్టుల్లో చీమ అనే యాంట్, అత్త అనే ఆంట్ ఒకేలా పలుకుతాయి, అదీ మనకి అనవసరం.

దీనికి ఎదురు రకం ఇంకోటుంది, ఏ లిస్టులోనూ ఉండదు. ఇంగ్లీషులో వేరువేరుగా పలికే మాటలు మన నోట్లో ఒకటైపోతాయి. తెలుగు వ ఒకటే కాబట్టి తడి అనే వెట్, పశువుల డాక్టరు అనే వెట్ మనకి తేడా లేదు. వి అయితే పై పళ్ళు కింది పెదవికి తగలాలి. డబ్ల్యు అయితే పళ్ళకి పనే లేదు, పెదవులు గుండ్రంగా చుట్టాలి. అద్దం ముందు పది సార్లు అనుకుంటే తెలిసిపోతుంది. 'లూజ్' ఇంకా పెద్ద తంటా. తెలుగులో ప్యాంటు లూజు అంటాం, అదే నోటితో మ్యాచ్ లూజ్ అయ్యాం అంటాం. ఇంగ్లీషులో వదులు అనేది 'లూస్', ఎల్-ఓ-ఓ-ఎస్-ఈ, చివర స. పోగొట్టుకోవడం 'లూజ్', ఎల్-ఓ-ఎస్-ఈ, చివర గుంయ్‌మనే జెడ్ శబ్దం. సలహా అనే అడ్వైస్ సి తో, సలహా ఇవ్వడం అనే అడ్వైజ్ ఎస్ తో, ఇక్కడ చెవికి తేడా తెలుస్తుంది కాబట్టి దీన్ని పట్టుకుంటే ప్రాక్టీస్, లైసెన్స్ కూడా తేలిపోతాయి, చెవికి తేడా లేకపోయినా బ్రిటిష్ పద్ధతిలో నామవాచకానికి సి, క్రియకి ఎస్. మన దగ్గర నడిచేది బ్రిటిష్ పద్ధతే. ఇలాంటివాటిని స్పెల్లింగు బట్టీ పట్టి నేర్చుకోవాలని చూస్తే రావు, ముందు నోరు సరిచేసుకోవాలి. మనకి కలిసొచ్చేదీ ఒకటుందండోయ్, హ్రస్వం, దీర్ఘం మనకి పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి షిప్, షీప్ దగ్గర మనవాళ్ళు పెద్దగా తడబడరు.

మరి రోజూ ఏం చేయాలి? మీరు ఇంతవరకు టైప్ చేసిన వ్యాసాలన్నీ తీసి నిజంగా తప్పు పోయిన మాటల్ని మాత్రం ఏరండి. పదో పదిహేనో తేలతాయి, రెండు వందలు తేలవు. ఒక్కో మాటకి నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇవ్వండి, దాని జంట మాట ఆ పేజీలో కనపడకూడదు, ఆ రోజు అసలు ముట్టుకోవద్దు. పేజీలో ఆ మాట కుటుంబం, మీ ఊరి సంగతులతో మీరే కట్టిన రెండు మూడు వాక్యాలు. జంట మాట వంతు వారం తర్వాత. టైపింగ్‌లో తొందరపడితే వేళ్ళు అర్థాన్ని వదిలేసి శబ్దాన్ని పట్టుకుంటాయి, ఎక్కువగా వాడే స్పెల్లింగు ముందు పడిపోతుంది. అది తెలివితక్కువతనం కాదు, అందరికీ అవుతుంది. కాబట్టి పరీక్షలో చివరి రెండు నిమిషాలు వ్యాసం మొత్తం మళ్ళీ చదవకుండా మీ పదిహేను మాటల కోసం మాత్రమే వెతకండి. ఫోన్‌లో ఎర్రగీత పడలేదు కదా అని ధీమాగా ఉండొద్దు, రెండు స్పెల్లింగులూ సరైన మాటలే కాబట్టి చాలాసార్లు గీత పడదు. వాయిస్ టైపింగ్‌తో ప్రాక్టీసు అసలే వద్దు, స్పెల్లింగు అది ఎంచుకుంటే మీరు నేర్చుకునేదేముంది?

పుస్తకం కొనక్కర్లేదు, ఉచ్చారణ వినిపించే మంచి డిక్షనరీ యాప్ ఒకటి చాలు. చెల్లికి లిస్టు ఇవ్వకండి. సాయంత్రం ఒక పేరా డిక్టేషన్ చెప్పండి, విడి మాటలు కాదు, పూర్తి వాక్యాలు, ఎందుకంటే వాక్యం లేకుండా 'బెర్త్' అంటే ఏది రాయాలో ఎవరికీ తెలీదు. తర్వాత పేరా తను చెప్పాలి, మీరు టైప్ చేయాలి. నేవీ డే మీద మొదలుపెట్టండి, ఓడలు, రేవు, బెర్త్, నేవల్ అన్నీ అందులోనే దొర్లుతాయి.